తుడవని పుల్ల

భాద్రపద శుద్ధ ఏకాదశి

ఈ రోజు పేరు పెట్టిన పుల్లలు: ఒకటి. పేరు నీలవేణి. తల్లి నూకరత్నం, దక్షిణపు వరస, ఏడో తెప్ప. తండ్రి చేపల పడవ మీద వెళ్ళాడు, దీపావళికి గాని రాడు. గదిలో మిగిలిన ఖాళీ పుల్లలు: లేవు.

పొద్దున లేచి సోలారు పలకల మీద పేరుకున్న ఉప్పు కడిగాను. యంత్రం మూతి స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాను. బ్యాటరీ సగానికి పైనే ఉంది. నీళ్ళ మీద తేలే మా లంగరుపాలెంలో కబురైనా లెక్కైనా ఒక తెప్ప నుంచి ఇంకో తెప్పకు పోవాలంటే పుల్ల మీదే పోవాలి కాబట్టి, ఈ పేర్ల గది ఒక్క పూట మూతపడ్డా ఊరు నిలిచిపోతుంది. పెన్‌డ్రైవ్ అనేది నా చిన్నప్పటి మాట. ఇక్కడి పిల్లలకు పుల్ల అంటేనే తెలుస్తుంది.

ఎండ ఎక్కకముందే నూకరత్నం పళ్ళెంలో బియ్యం పోసుకుని, బిడ్డను చంకనేసుకుని పడవ దిగింది. బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున మా ఊళ్ళో పేరు రెండుసార్లు రాస్తారు. ముందు తల్లి, చదువు రాకపోతే నేను చెయ్యి పట్టి దిద్దించగా, ఉంగరంతో బియ్యంలో రాస్తుంది. తరవాత నేను పుల్లకు రాస్తాను. ఆ పుల్లను పసుపుతాడుతో ఉయ్యాలకు కడతారు. ఆ రోజు నుంచి పాలగదిలో, మందుల గదిలో బిడ్డ తరఫున మాట్లాడేది అదే.

"తాయారమ్మగోరూ, నీలాల నీలవేణమ్మ అని పెట్టండి. మా అత్త పేరు కూడా కలిసొత్తాది," అంది నూకరత్నం.

"పుల్లకు పదకొండు ఇంగ్లీషు అక్షరాలకు మించి పట్టదు. నీలవేణి చాలు. ఆ తడి చేతులు బల్ల మీద పెట్టకు."

"పుల్లక్కూడా మా అత్తంటే పడదన్నమాట," అని నవ్వి చేతులు చీరకు తుడుచుకుంది.

పుల్ల యంత్రంలో పెట్టాను. తెర మీద దాని పాత పేరు వచ్చింది. కోదండపాణి. సరిగ్గా పదకొండు అక్షరాలు.

మావారిది. ఆషాఢంలో పోయారు. పోయినవాళ్ళ పుల్ల పదమూడో రోజులోగా ఈ గదికి చేరాలి, తుడవాలి, ఖాళీ పుల్లల సొరుగులో పడాలి. కొత్త పుల్లలు తయారుచేసేవాళ్ళు ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేరు గనక, పోయినవాళ్ళవే పుట్టినవాళ్ళకు. ఆయనది గదికి చేర్చాను. సొరుగులో పెట్టి ఖాళీల లెక్కలో కలిపాను. తుడవలేదు.

నేను చెయ్యవలసిన పని మూడు మెట్లు. పుల్లను అన్‌మౌంట్ చెయ్యాలి, అంటే యంత్రం పట్టు నుంచి విడిపించాలి. ఫార్మాట్ చేసి లోపలిదంతా తుడవాలి. ఆ తరవాత ఫ్యాట్‌లేబుల్ ఆజ్ఞతో కొత్త పేరు పెట్టాలి. ఈ వరస నేర్పుతూ నేను ఎంతమందిని చివాట్లు పెట్టానో ఊరంతా చెబుతుంది. ఈ రోజు నేను మొదటి మెట్టు ఎక్కి, రెండోది వదిలి, మూడో దాని మీద కాలుపెట్టాను. పేరు మారింది. తెర మీద నీలవేణి అని చూపించాను. నూకరత్నానికి చదువు రాదు, అయినా ఆ అక్షరాలకు దణ్ణం పెట్టింది.

పేరు మారిస్తే లోపలిది మారదు. ఆ సంగతి ఈ ఊళ్ళో నాకంటే తెలిసినవాళ్ళు లేరు.

ఆ పుల్లలో ఆయన గొంతు ఉంది. ముప్ఫై ఏళ్ళకు పైగా రోజూ పొద్దున్నే లంగర్ల దగ్గర తాడు వదిలి, లోతు ఎంతో చూసి, చదివి రికార్డు చేసేవారు. యంత్రం తనలో ఏదీ దాచుకోదు, నా పుల్లలో అంత చోటు లేదు. శుభ్రంగా పనిచేసే ఇంకో పుల్ల దొరికితే అవన్నీ దాని మీదికి ఎత్తుకోవాలని నా ఆలోచన. గాలింపు పడవ ములిగిన ఊళ్ళ నుంచి తిరిగి వచ్చినప్పుడు ఒక్కటైనా తేకపోదు. అంతవరకు ఉయ్యాలకు వేలాడితే దానికేమవుతుంది అనుకున్నాను.

శుద్ధ చతుర్దశి

పేరు పెట్టినవి లేవు. తుప్పు పట్టి వచ్చిన పుల్లలు రెండు బాగుచేసి ఎవరివి వాళ్ళకు ఇచ్చాను.

నూకరత్నం మళ్ళీ వచ్చింది. పురిటి జ్వరం తగ్గాక ఆమెకు పాలు ఎండిపోయాయి. బిడ్డ పుల్ల పట్టుకుని పాలగదికి వెళ్ళింది.

"తాయారమ్మగోరూ, మీ పుల్ల నా కూతుర్ని ముసల్దాన్ని చేసేసింది. పాలపొడి ఇమ్మని పెడితే యంత్రం గంజిపొడి ఒదిలింది. పైగా ఇయిగో, ఇయ్యి కూడా."

అరచెయ్యి తెరిచింది. రెండు గులాబీరంగు మాత్రలు.

వెనకాల వరసలో నించున్న అప్పలకొండ పకపకా నవ్వింది. "పుట్టి నెల తిరగలేదు, అప్పుడే బీపీ వచ్చేసిందేటే నీ కూతురికి? ఈ వయసులో దేనికి బెంగెట్టుకుందో!"

"నువ్వు దానికి పక్కింటిదానివైనందుకే," అని నూకరత్నం కూడా నవ్వేసింది. ఇంకా నవ్వగలిగే రోజులే అవి.

ఆ మాత్రలు నాకు తెలుసు. రోజూ వేసుకునేవి పాలగది యంత్రమే వాటాతో పాటు ఇస్తుంది. రెండో దాన్ని రోజూ అడకత్తెరతో సగానికి కత్తిరించి ఆయనకు ఇచ్చేదాన్ని. పుల్ల లోపల ఉండే ఆరోగ్య చిట్టాలో పేరు ఉండదు. వయసు, బరువు, జబ్బులు, మందులు, అంతే. పేరు పుల్ల మీదే ఉంటుంది. పాలగది యంత్రం పైన పేరు చూసి, పుట్టినవాళ్ళ జాబితాలో ఉందని లోపలికి రానిచ్చింది. లోపల చిట్టా లేకపోతే పసిబిడ్డ చిట్టా కొత్తగా తెరిచేది. ఉంది గనక దాన్నే చదువుకుంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, పాలు అక్కర్లేదు, గంజిపొడి, పొద్దున ఒకటి, సాయంత్రం సగం. పుల్లకు ఆయన పోయిన సంగతి తెలియదు.

ఇవన్నీ ఒక్క క్షణంలో అర్థమయ్యాయి. అర్థమయ్యాకే ఈ మాట అన్నాను:

"పాలగది రీడరు మీద ఉప్పు పేరుకుని ఉంటుంది. శుభ్రం చెయ్యమని ఇందుమతితో చెప్పు."

ఇందుమతి నా మనవరాలు. పాలగదిలో పనిచేసేది అదే.

బహుళ విదియ

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇందుమతి కంచంలో చెయ్యి పెట్టకుండా కూర్చుంది.

"రీడరు మూడుసార్లు విప్పి కడిగాను నాయనమ్మా. మిగతా పిల్లల పుల్లలన్నీ పెట్టి చూశాను. అందరికీ పాలపొడి వస్తోంది. నీలవేణికి ఒక్కదానికే రావట్లేదు. ఆ పుల్లే ఏదో తేడాగా ఉంది. ఒకసారి తెప్పించి చూడవా?"

"నా గదిలోంచి తేడా పుల్ల బయటికి పోదు."

"నీది తప్పని నేనన్నానా?"

"ఎవరి పని వాళ్ళు సరిగ్గా చేసుకుంటే ఎవరూ ఎవరినీ అనక్కర్లేదు. తిను."

తినలేదు. కంచం తీసుకెళ్ళి కడిగేసుకుంది.

పొట్లాలు యంత్రం కడుపులో ఉంటాయి. దాని తాళం చెవి సరుకులు నింపడానికి వచ్చే మరపడవ వాళ్ళ దగ్గర ఉంటుంది. కాబట్టి ఇందుమతి చెయ్యి పెట్టి తియ్యడానికి లేదు. ఆరోగ్య చిట్టా ఒక్కదాన్నే చెరిపి రికార్డులు ఉంచుకునే వీలూ లేదు. ఒకప్పుడు జనం చిట్టాలు దిద్దుకుని రెండేసి వాటాలు పట్టుకుపోతుంటే, చిట్టాకు తాళం వెయ్యాలని, మొత్తం పుల్ల తుడిస్తే తప్ప అది పోకూడదని పంచాయితీలో పట్టుబట్టింది నేనే. అప్పుడు చప్పట్లు కొట్టారు.

ఇంట్లో దాచి ఉంచిన పాలపొడి డబ్బా ఒకటి ఉంది. నూకరత్నానికి పంపించాను. "తాయారమ్మగారిది ఎంత మంచి మనసు" అని దక్షిణపు వరసంతా అనుకుంటోందని డబ్బా ఇచ్చొచ్చిన ఇందుమతే చెప్పింది. నేను దాని మొహం చూడలేదు.

బహుళ తదియ

ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను.

పరీక్ష చేస్తానని కబురు పెట్టి నీలవేణి పుల్ల తెప్పించాను. తుడుద్దామనే తెప్పించాను. యంత్రంలో పెట్టి అన్‌మౌంట్ చేశాను. ఫార్మాట్ ఆజ్ఞ మొత్తం కొట్టాను. ఎంటర్ నొక్కడమే మిగిలింది.

ఆజ్ఞ చెరిపేశాను. పుల్లను మళ్ళీ మౌంట్ చేశాను. చెవిలో గొట్టం పెట్టుకుని చేతికి అందిన రికార్డు ఒకటి తెరిచాను.

"ఉత్తరపు లంగరు, తొమ్మిది బారలు. తూర్పు లంగరు, తొమ్మిదింపావు. అడుగున మెత్తగా తగులుతోంది, ఒండ్రు చేరింది." దగ్గు. తాడు తడిసిన చప్పుడు. "తాయారూ, ఆ చెంబు ఇలా అందుకో." అంతే. ఇంకొకటి తెరిచాను. మళ్ళీ లంగర్లు, మళ్ళీ బారలు. పొద్దుగూకేవరకు విన్నాను. నా పేరు వచ్చినవి నాలుగు.

పుల్ల పట్టుకుపోవడానికి నూకరత్నమే వచ్చింది. "ఏటైనా తెలిసిందా అమ్మగోరూ?" అని అడిగింది. చంకలో బిడ్డ ఏడవడం మానేసి మూలుగుతోంది.

"పుల్ల బాగానే ఉంది," అన్నాను.

బాగానే ఉంది అని నా నోటితో అన్నాను.

బహుళ పంచమి

డబ్బా అయిపోయింది. అప్పలకొండకు పాలిచ్చే బిడ్డ ఉన్నాడు. తన బిడ్డకు ఇవ్వగా మిగిలింది నీలవేణికి పడుతోంది. మిగలడం తక్కువ. మందుల గదిలో తూచారు. పేరు పెట్టిన రోజు మూడు కిలోల నూట యాభై గ్రాములు ఉన్న బిడ్డ ఈ రోజు రెండు కిలోల ఏడు వందల అరవై.

సాయంత్రం పంచాయితీ తెప్ప మీద కూర్చున్నారు. ప్రెసిడెంటు జోగినాయుడు మెత్తటి మనిషి. గట్టిగా అడగడం చేతకాదు, అందుకని మరీ మర్యాదగా అడుగుతాడు.

"ఇందుమతమ్మా, పాలపొడి లోపల ఉంది. పుల్ల బాగుందని మీ నాయనమ్మగారే చెప్పారు. మరి మధ్యలో ఉన్నది నువ్వే కదా తల్లీ."

"మధ్యలో ఉన్నది యంత్రం," అంది ఇందుమతి.

"ఆ బిడ్డ వాటా ఇంకెవరికైనా పోతోందేమోనని జనం అంటున్నారు. నేననడం లేదు."

ఇందుమతి నా వైపు చూసింది. వాదించమని కాదు, ఒక్క మాట అనమని. "విచారించడం మంచిదే," అన్నాను. నా మనవరాలి విషయంలో కూడా నేను మొహమాటపడలేదని అందరూ తలలు ఊపారు.

పాలగది తాళం దాని చేతిలోంచి తీసుకున్నారు. ఇంటికొచ్చాక అది మంచినీళ్ళ కుండ నింపింది, పలకలు కడిగింది, నా మందులు చేతికిచ్చింది. ఒక్క మాట అని ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

బహుళ షష్ఠి

గాలింపు పడవ వచ్చింది. రాగితీగ, గాజు సీసాలు, ఒక కుట్టుమిషను తెచ్చారు. పుల్లలు లేవు.

ఆ కబురు విని నేను గదిలో కూర్చుండిపోయాను. నేను ఎదురుచూస్తున్నది గాలింపు పడవ కోసం. అక్కడ బిడ్డ ఎదురుచూస్తున్నది పూటపూటా. ఈ రెండింటినీ ఒకే త్రాసులో వేసి ఇన్ని రోజులు మొగ్గు చూస్తూ కూర్చున్నాను. లెక్కల మనిషినని నాకు పేరు.

తెడ్డు వెయ్యడం మానేసి చాలాకాలమైంది. అయినా చిన్న పడవ విప్పుకుని నేనే ఏడో తెప్పకు వెళ్ళాను.

నూకరత్నం బిడ్డ నోట్లో గంజి తేట చుక్క చుక్కగా వేస్తోంది. నన్ను చూసి లేవబోయింది.

"కూర్చో. నేను చెప్పేది పూర్తిగా విను. తరవాత ఏమన్నా పడతాను."

చెప్పాను. పుల్ల ఎవరిదో, ఎందుకు తుడవలేదో, మాత్రలు చూడగానే తెలిసిందని, తెలిసీ ఉప్పు మీదికి, ఇందుమతి మీదికి నెట్టానని, తదియనాడు చేతిలోకి తీసుకుని కూడా తిరిగి ఇచ్చానని. అన్నీ వరసగా చెప్పాను.

ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టింది. తరవాత చాలా నెమ్మదిగా అడిగింది.

"ఏటున్నాది అందులో?"

"లంగర్ల లోతు. రోజూ చదివేవారు."

"లోతా?" అంది. "నా పిల్ల కడుపు మాడ్చింది లోతు కోసమా?"

ఆమె గంజి గిన్నె పక్కకు నెట్టింది.

"మీ ఆయన పోయాడు, ఏడవండి. నేను కాదన్నానా? మా అయ్య పోయినప్పుడు పుల్ల ఇయ్యడానికి ఒక్క రోజు ఆలీసెమైతే, మీ గది గుమ్మంలో నిలబెట్టి రూలు సెప్పారు. గేపకం ఉందా మీకు? నాకుంది. మా అయ్య పాటలు పాడేవోడు. అందులో పాటలుండేయి అమ్మగోరూ. మీరు ఎంటనే తుడిసేసారు."

గుర్తుంది. ఆ రోజు నేను తుడిచి, పేరు తీసేసి, చేతులు కడుక్కుని భోజనానికి వెళ్ళాను.

"నా పుల్ల తుడిచి నీ బిడ్డకిస్తాను," అన్నాను. "ఇప్పుడే వెళ్ళి…"

ఆమె ఉయ్యాల తాడు పట్టుకుని నిలబడింది. "మీ పుల్ల తుడిసేత్తే రేపు మీకు మందులెవరిత్తారు? మీకేదైనా అయితే ఆ పాపం కూడా మా ఇంటి మీదకే తోలుతారా? ఇంకా ఆ గొంతు దాసుకోవాలనే సూత్తన్నారు మీరు." పసుపుతాడు విప్పి పుల్ల నా చేతిలో కాదు, తన పిడికిట్లో పెట్టుకుంది. "పదండి. నా ఎదర తుడవండి."

తెడ్డు ఆమే వేసింది. బిడ్డ నా ఒళ్ళో ఉంది, పడవలో ఇంకెక్కడా పడుకోబెట్టే చోటు లేక.

గదిలో ఆమె నా భుజం వెనకాల నించుంది. పుల్ల పెట్టాను. అన్‌మౌంట్ చేశాను. ఫార్మాట్ ఆజ్ఞ కొట్టాను. "ఇది నొక్కితే పోతుంది," అన్నాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆగమంటుందనుకున్నానేమో.

"నొక్కండి," అంది.

నొక్కాను. అంత పెద్ద పనికి యంత్రం తీసుకున్న సమయం ఒక్క ఊపిరి. తరవాత పేరు పెట్టాను. అక్కడి నుంచి పాలగదికి వెళ్ళాం. పుల్ల పెడితే పాలపొడి పొట్లం టప్పున కింద పడింది. దాని వెనకే ఇంకోటి. నూకరత్నం రెండింటినీ ఒడిలో వేసుకుని, నా వైపు చూడకుండా పడవెక్కింది.

అక్కడి నుంచి జోగినాయుడి దగ్గరికి వెళ్ళి ఇదే చెప్పాను.

బహుళ అష్టమి

పంచాయితీ కూర్చుంది. ఇందుమతికి తాళం తిరిగి ఇచ్చారు. ప్రెసిడెంటు దానికి అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. నన్ను పేర్ల గది నుంచి తియ్యమని నేనే అడిగాను.

"తీసి ఎవర్ని పెట్టమంటారు?" అన్నాడు జోగినాయుడు. "పెద్దవారు, ఏదో బాధలో జరిగింది. ఇకముందు చూసుకోండి."

అంతే. ఇంతకాలం నేను ఎవరినీ అలా వదిలిపెట్టలేదు. నన్ను వదిలేశారు.

ఇంటికొచ్చాక ఇందుమతిని పిలిచి, నీ ముందు తలెత్తుకోలేకపోతున్నానన్నాను.

"ఆ రోజు పంచాయితీలో నేను నీ వంక చూశాను నాయనమ్మా."

"చూశావు."

"నువ్వు కూడా నన్ను చూశావు," అంది. తరవాత పలకలు కడగడానికి పైకెక్కింది. ఈ రోజు కడగాల్సింది నేను.

నీలవేణి బరువు: రెండు కిలోల ఎనిమిది వందల పది.

ఆశ్వయుజ శుద్ధ పంచమి

పేరు పెట్టిన పుల్లలు: ఒకటి. అప్పలకొండ చెల్లెలి కొడుకు.

పుల్ల తూర్పు వరస గవరయ్యది. పోయిన వారం పోయాడు. అతని కొడుకు తెచ్చి ఇచ్చాడు. తీసుకునేటప్పుడు, "ఇందులో నీకు కావలసినవి ఏమైనా ఉంటే ఈ పూట ఇక్కడ కూర్చుని విను," అన్నాను. ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనని మాట. అతను బిత్తరపోయి, కూర్చుని, విన్నాడు. వెళ్ళేటప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకు దణ్ణం పెట్టబోతే వద్దన్నాను.

ఈ రోజు బియ్యం పళ్ళెంతో తల్లి వచ్చింది. వెంట దక్షిణపు వరస ఆడవాళ్ళు ఆరేడుగురు వచ్చారు. మామూలుగా ఇంతమంది రారు. అందరికన్నా ముందు నూకరత్నం, చంకలో నీలవేణి. బిడ్డ బుగ్గలు ఇంకా నిండలేదు.

తల్లి ఉంగరంతో బియ్యంలో పేరు రాసింది. నేను పుల్ల యంత్రంలో పెట్టాను. అన్‌మౌంట్ చేశాను. ఫార్మాట్ చేశాను. పేరు పెట్టే ఆజ్ఞ కొట్టబోతుంటే వెనక నుంచి నూకరత్నం గొంతు వినపడింది.

"ఆగండి. కాళీయేనా?"

"ఖాళీయే."

"సూపించండి."

అప్పలకొండ ఈసారి నవ్వలేదు. ఈ గదిలో నన్ను చూపించమన్నవాళ్ళు ఇంతవరకు లేరు. పుల్లను మళ్ళీ మౌంట్ చేశాను. లోపల ఉన్నవాటి జాబితా అడిగాను. తెర మీద ఏమీ రాలేదు. తెరను వాళ్ళ వైపు తిప్పాను.

ఆ ఆడవాళ్ళలో ఒక్కరికీ చదువు రాదు. కాని అక్కడ ఏమీ లేదని చూడడానికి చదువు అక్కర్లేదు. ఒక్కొక్కరే ముందుకు వంగి చూశారు. తల్లి చూసింది. అప్పలకొండ చూసింది. అందరికంటే ఎక్కువసేపు నూకరత్నం చూసింది. ఆమె చూస్తున్నంతసేపు నేను తెరను రెండు చేతులతో పట్టుకుని నించున్నాను.

"సూసాం," అంది. "ఇప్పుడు పేరెట్టండి."